ఆకు మీద బెజ్జం

చెక్క సామాన్ల కార్ఖానాలో ఆవిడ అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా పనికొచ్చేది కాదు. అందరికీ బెజ్జాలమ్మే. ముప్పై ఒక్క ఏళ్ళు ఒకే డ్రిల్లు మిషను ముందు, ఒకే ఎత్తు స్టూలు మీద కూర్చుని, కుర్చీ కాళ్ళకీ, బట్టలు తగిలించే పలకలకీ, పిల్లలు లెక్కలు నేర్చుకునే పూసల చట్రాలకీ బెజ్జాలు వేసింది. మిగతావాళ్ళు వేసిన బెజ్జం అంచున పీచు లేచేది, దాన్ని గరుకు కాగితంతో రుద్దాల్సి వచ్చేది. ఆవిడ వేసిన బెజ్జంలో చిటికెన వేలు పెట్టి తిప్పితే గాజు గ్లాసు అంచు మీద తిప్పినట్టు ఉండేది. ఈ మాట ఎవరో అన్నది కాదు. అడిగినా అడక్కపోయినా ఆవిడే చెప్పుకునేది.

పనిలో ఆవిడకో పద్ధతి ఉండేది. మధ్యలో లేవాల్సి వస్తే, చివరగా వేసిన బెజ్జంలో ఒక పుల్ల గుచ్చి లేచేది. తిరిగొచ్చాక పుల్ల ఎక్కడుంటే అక్కణ్ణుంచి లెక్క. "కోత తప్పితే జిగురు పెట్టి అతికించుకోవచ్చు, రంగు తప్పితే గీక్కోవచ్చు. బెజ్జం తప్పితే మాత్రం పూడ్చినా మచ్చ పోదు" అని కొత్తగా చేరినవాళ్ళ చెవులు చిల్లులు పడేలా చెప్పేది.

మంచి మనిషే, కాదనను. కానీ ఓర్వలేనితనం ఒకటుంది. దాన్ని పక్కనపెట్టి ఆవిడ గురించి చెప్పబోతే చెప్పడానికి సగమే మిగులుతుంది. ఒక ఏడాది పాలిష్ బల్ల దగ్గర పనిచేసే మనిషికి మంచి పనిమంతురాలని పేరొచ్చి, ఆమె ఫొటో నడవ గోడకి తగిలించారు. ఆ ఏడాది పొడుగునా బెజ్జాలమ్మ భోజనాల గదికి నడవలోంచి వెళ్ళలేదు. సరుకు దించే గుమ్మం మీదుగా చుట్టూ తిరిగి వెళ్ళేది. వాన పడుతున్నా అంతే. ఎవరైనా అడిగితే "నాకు గాలి తగలాలి" అనేది.

ఉద్యోగం ఇంకో వారంలో అయిపోతుందనగా ఒక మిగులు చెక్క ఆవిడ కంటపడింది. రెండు జానల చదరం, ముడుల్లేని లేత చెక్క. ఇంట్లో ఆరేళ్ళ మనవరాలుంది. తన చిన్నతనంలో ఆడిన బెజ్జాల పలక గుర్తొచ్చి, అలాంటిదే ఒకటి చేద్దామని కూర్చుంది. అంచు చుట్టూ నలభై బెజ్జాలు. నాలుగు మూలల్లో ఎరుపు, నీలం, తెలుపు, ఆకుపచ్చ రంగులకి నాలుగు కొట్లు, ఒక్కో కొట్లో నాలుగేసి పుల్లలు. పలక మధ్యలో చిన్న గిన్నెలా తొలిచిన పల్లం. అదే ఇల్లు. నాలుగు వైపుల నుంచీ ఆ ఇంటికి నాలుగు దారులు, దారికి ఆరేసి బెజ్జాలు. పెన్సిలు గుర్తులు పెట్టుకోవడం ఆవిడకి నామోషీ. అంతా కంటి కొలతే.

ఎర్ర దారి అయింది, నీలం అయింది, తెలుపు అయింది. పచ్చ దారిలో అయిదో బెజ్జం వేసి మిషను పైకెత్తిందో లేదో, మేనేజరు వచ్చి "రండమ్మా, టీ చల్లారిపోతోంది. మీతో ఫొటో తీసుకోవాలని అందరూ కాచుక్కూర్చున్నారు" అన్నాడు. ఫొటో అన్న మాట చెవిన పడగానే ఆవిడకి నడవ గోడ కళ్ళముందు మెదిలింది. గబగబా లేచి జుట్టు సవరించుకుంటూ వెళ్ళింది. పుల్ల గుచ్చడం మరిచిపోయింది. తిరిగొచ్చి, నాలుగు దారులూ అయ్యాయనుకుని పలక తుడిచి సంచీలో పెట్టుకుంది. ఆ ఫొటో గోడ ఎక్కనూ లేదు. మేనేజరు ఫోనులోనే ఉండిపోయింది.

సంగతి మొదటి ఆటలోనే బయటపడింది. మనవరాలు పచ్చ తీసుకుంది, నానమ్మ ఎరుపు తీసుకుంది. పిల్ల పచ్చ దారిలో అడుగులేస్తుంటే ఆవిడ వేళ్ళు వాటంతటవే లెక్కపెట్టాయి. అయిదు. ఇంకోసారి లెక్కపెట్టింది, మళ్ళీ అయిదే. ముప్పై ఒక్క ఏళ్ళ చేతికి చిట్టచివర్న ఇలాంటి తప్పా! రేపే సరిచేద్దామనుకుంది. ఈలోపు పిల్ల ఆట గెలిచి, కుర్చీ ఎక్కి, "నానమ్మని ఓడించానోచ్!" అని ఇల్లెగిరిపోయేలా అరిచింది.

ఆ అరుపు విన్నాక సరిచెయ్యడానికి చెయ్యి రాలేదు. అయిదో బెజ్జానికీ ఇంటికీ మధ్య మిగిలిన ఖాళీలో, కోడలి గోళ్ళరంగుల డబ్బాలోంచి ఆకుపచ్చ తీసి, చిన్న ఆకు బొమ్మ వేసింది. చూసినవాళ్ళకి అలంకారంలా ఉంటుంది. ఆ రోజు నుంచి పచ్చ పిల్లదే. "నీ రంగు అదేనే అమ్మలూ, నీకు అచ్చొచ్చింది" అనేది. ఒక్క బెజ్జం తక్కువైతే పెద్ద తేడా ఏమీ రాదు. పది ఆటల్లో ఒకటో రెండో ఎక్కువ గెలుస్తుంది. ఇటు నానమ్మ కావాలని ఓడిపోవక్కర్లేదు, అటు పిల్ల చిన్నబోనక్కర్లేదు. ఆ గుట్టు రెండేళ్ళు ఎవరికీ చెప్పకుండా దాచుకుంది. రోజూ సాయంత్రం అయిదింటికి, వంటింటి కిటికీ పక్క బల్ల మీద, పలకకి అటొకరు ఇటొకరు. ఆవిడ బతుకులో ఎవరితోనూ పంచుకోనవసరం లేనిది అదొక్కటే.

అలాంటి ఇంట్లోకి వియ్యపురాలు దిగింది.

వియ్యపురాలంటే కోడలి తల్లి. ఇరవయ్యేడేళ్ళు సిటీ బస్సులో కండక్టరు. మోకాలికి ఆపరేషనయింది. ఆరు వారాలు మెట్లెక్కకూడదన్నారు. ఆవిడ ఉండేది లిఫ్టు లేని మూడో అంతస్తులో. ఇక్కడ లిఫ్టుంది, పైగా బెజ్జాలమ్మ కొడుకు లిఫ్టుల మెకానిక్కు కాబట్టి అది పనికూడా చేస్తుంది. రావద్దనడానికి ఒక్క కారణం కూడా దొరకలేదు. బెజ్జాలమ్మ గదిలోనే, కిటికీ వైపు, రెండో మంచం వేశారు. కిటికీ వైపు ఉండాల్సింది తన మంచం కదా అని ఆవిడకి అనిపించింది కానీ, ఆపరేషనైన మనిషితో మంచం కోసం పేచీ పెట్టుకుంటే బాగోదని నోరు కుట్టేసుకుంది.

"వదినగారూ, మీకు ఇబ్బంది పెడుతున్నానేమో" అంది కండక్టరమ్మ, చేతికర్ర గోడకానించి.

"అయ్యో, అదేం మాట వదినగారూ! మీ ఇల్లు కాదూ?" అంది బెజ్జాలమ్మ. పైకి అన్న మాట అది. లోపల అనుకున్న మాట రాస్తే ఈ కాగితం కాలిపోతుంది.

కండక్టరమ్మ గొంతు కిక్కిరిసిన బస్సులో చివరి సీటు దాకా వినపడాల్సిన గొంతు. నాలుగు గదుల ఇంట్లో ఆ గొంతుకి చోటు చాల్లేదు. ఆవిడ చేతిసంచీలో ఇప్పటికీ ఈల ఉంది. వచ్చిన రెండోనాడే మనవరాలు ఆ ఈల మెళ్ళో వేసుకుని తిరగడం మొదలుపెట్టింది. మూడోనాడు సాయంత్రం అయిదింటికి, పలక పరిచి, "అమ్మమ్మా, నువ్వూ రా. నేర్పిస్తాను" అంది.

బల్ల దగ్గర మూడో కుర్చీ వేసింది కూడా పిల్లే.

"ఇదిగో చూడు అమ్మమ్మా, ఇవి కాయలు."

"పుల్లలు కదే ఇవి?"

"పుల్లలే కానీ కాయలనాలి. కాయలైతేనే కదా పండేది! నీకు నాలుగు. పాచిక వెయ్యి. ఆరు పడితేనే కాయ కొట్లోంచి బయటికి వస్తుంది."

"అంటే పొద్దున్నే బండి డిపోలోంచి కదలడమన్నమాట" అంది కండక్టరమ్మ. పాచిక వేసింది. ఆరు పడింది. "రైట్ రైట్!" అని బల్ల మీద చరిచింది. పిల్ల పొట్ట పట్టుకుని నవ్వింది.

"ఆరు పడితే ఇంకో పందెం కూడా నీదే. ఎంత పడితే అన్ని బెజ్జాలు ముందుకి. ఇంకొకళ్ళ కాయ ఉన్న బెజ్జంలోకి నువ్వు సరిగ్గా వచ్చావనుకో, దాన్ని కొట్టెయ్యొచ్చు. అది మళ్ళీ కొట్లోకి పోయి ఆరు కోసం కూర్చోవాలి."

"టికెట్ లేనివాణ్ణి దించెయ్యడం! అది నాకు బాగా వచ్చులే."

"కొట్టకుండా వేరే కాయ జరుపుకోవచ్చు కూడా. అది నీ ఇష్టం. కానీ నీ కాయ మీదికి నీ కాయే రాకూడదు. చుట్టూ తిరిగి వచ్చాక నీ రంగు దారిలోకి తిరగాలి. అక్కడ ఎవరూ కొట్టరు. ఇంట్లోకి మాత్రం లెక్క సరిగ్గా పడాలి. రెండు కావాలంటే రెండే. మూడు పడితే కదలకూడదు."

"మరే, స్టాపు దాటించి ఆపితే ప్యాసింజర్లు ఊరుకుంటారా?"

పిల్ల మళ్ళీ నవ్వింది. బెజ్జాలమ్మ ఎర్ర కాయల్ని వరసగా సర్దుకుంటూ ఆ నవ్వులు లెక్కపెట్టింది. అర్ధగంటలో పదకొండు. ఇవే నియమాలు ఈ పిల్లకి నేర్పింది ఎవరు? తను. చెప్పినప్పుడు ఒక్కసారైనా నవ్వొచ్చిందా? రాలేదు. రావాలని తనకి తట్టనూ లేదు. ఆట అంటే ఆటలా ఆడాలి గానీ ఈ బస్సుల గోలేమిటి అనుకుంది. ఒళ్ళంతా కారం రాసుకున్నట్టుంది.

వారం తిరిగేసరికి పిల్ల మాట మారిపోయింది. కాయ జరిపితే "రైట్ రైట్", కాయ పోతే "డిపోకి పదండి". లెక్కల హోంవర్కు అమ్మమ్మ మంచం మీద, తల దువ్వించుకోవడం అమ్మమ్మ చేత. బళ్ళో 'మా ఇంట్లోవాళ్ళు' అని బొమ్మ గియ్యమంటే, అమ్మమ్మని మధ్యలో ఈలతో సహా గీసింది. నానమ్మని తలుపు పక్కన గీసింది. తలుపు పెద్దదైపోవడంతో నానమ్మకి ఒక చెయ్యే మిగిలింది.

"రెండో చెయ్యి ఏదే?"

"తలుపు వెనకాల ఉంది నానమ్మా. నువ్వు గెడ పెడుతున్నావు."

ఆ బొమ్మ ఫ్రిజ్ తలుపు మీద అంటించారు. ఆ రోజు నుంచి నీళ్ళ సీసా కావలసి వస్తే బెజ్జాలమ్మ కొడుకుని తెచ్చిపెట్టమనేది.

కొడుకు ఒకరోజు అడిగేశాడు. "ఏమ్మా, ముఖం అలా మాడ్చుకున్నావు?"

"ఆ పలక చేసింది ఎవర్రా?"

"నువ్వే."

"ఆ సంగతి ఈ ఇంట్లో ఎవరికైనా గుర్తుందా అని."

"ఆటేగా అమ్మా" అని వాడు స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకుని పనికి పోయాడు. మగపిల్లాడికి ఇంతకంటే అర్థమవుతుందనుకోవడం ఆవిడదే పొరపాటు.

ఇవన్నీ మింగింది. మింగలేనిది రెండో వారం సోమవారం నాడు జరిగింది. పిల్ల పలక పరిచి, పచ్చ కాయలు నాలుగూ గుప్పిట్లో పట్టుకుని, అమ్మమ్మ ముందు పెట్టింది.

"ఇవాళ నుంచి పచ్చ నీది."

బెజ్జాలమ్మ చేతిలో పాచిక ఆగిపోయింది. "అదేంటే? పచ్చ నీ రంగు కదా!"

"పర్లేదు నానమ్మా. నేను నీలం తీసుకుంటాను."

ఆ సాయంత్రం కండక్టరమ్మ గెలిచింది. మంగళవారం గెలిచింది. బుధవారం కూడా గెలిచింది. "చూశారా వదినగారూ, పది రోజుల కిందట నేర్చుకున్నదాన్ని మిమ్మల్ని పట్టపగలు ఓడించేస్తున్నాను!" అని తొడ చరచబోయి, మోకాలు గుర్తొచ్చి ఆగింది. పిల్ల ఈల ఊదింది. బెజ్జాలమ్మ నవ్వింది. ఆ నవ్వు కోసం ఆవిడ పడ్డ శ్రమ కుర్చీ కాళ్ళకి బెజ్జాలు వెయ్యడానికి కూడా ఎప్పుడూ పడలేదు.

మనవరాలి కోసం రెండేళ్ళు దాచిన ఒక్క బెజ్జం తేడా ఎవరి చేతికి పోయింది! నీ గెలుపులో నా తప్పుంది తల్లీ అని చెబుదామంటే, గుట్టు బయటపడుతుంది. చెప్పకుండా ఉందామంటే కడుపు ఉడికిపోతోంది. రాత్రి పక్క మంచం మీంచి గురక వినిపిస్తుంటే, ఆ గురకలో కూడా గెలిచిన ధీమా ఉన్నట్టే తోచింది.

గురువారం మధ్యాహ్నం కోడలు సెలవు పెట్టి తల్లిని వ్యాయామం కోసం ఆసుపత్రికి తీసుకెళ్ళింది. పిల్ల బళ్ళో ఉంది. ఇల్లు ఖాళీ. బెజ్జాలమ్మ మంచం కింద నుంచి రేకు పెట్టె లాగి, పాత చేతి డ్రిల్లు తీసింది. గుడ్డతో తుడిచింది. పిడి తిప్పి చూసింది. పలక తెచ్చి ఒడిలో పెట్టుకుంది.

'ఆట అన్నాక అన్ని రంగులూ ఒకటే ఉండాలి' అనుకుంది. 'నేను చేసిన తప్పు నేను దిద్దుకుంటే ఎవరికేం? రెండేళ్ళ కిందటే చెయ్యాల్సిన పని.' ఈ న్యాయం రెండేళ్ళుగా ఎక్కడ నిద్రపోయిందో, సరిగ్గా బుధవారం సాయంత్రమే ఎందుకు లేచిందో ఆవిడ తనని తాను అడగలేదు.

ఆకు బొమ్మ నడుమ మొన ఆనించింది. పిడి తిప్పింది. లేత పొట్టు చుట్టలు చుట్టలుగా పైకొచ్చింది, కార్ఖానా వాసన వచ్చింది. నాలుగు తిప్పులు, అంతే. ఊదింది. చిటికెన వేలు పెట్టి తిప్పింది. రెండేళ్ళుగా పనిలేని చెయ్యి అయినా అంచున ఒక్క పీచు లేదు. ఆ క్షణాన ఆవిడకి కలిగిన సంతోషం నిజమైనదే. పొట్టంతా కాగితంలోకి ఎత్తి, చెత్తబుట్టలో అడుగున వేసి, పలక యథాస్థానంలో పెట్టింది. ఇక చూద్దాం, వదినగారు ఎలా గెలుస్తారో.

సాయంత్రం అయిదైంది. ముగ్గురూ కూర్చున్నారు. పిల్ల పచ్చ కాయలు గుప్పిట పట్టింది. అమ్మమ్మ వైపు వెళ్ళబోయే చెయ్యి ఇటు తిరిగింది.

"ఇవాళ పచ్చ నానమ్మకి."

"నాకెందుకే? మీ అమ్మమ్మకి ఇయ్యి."

"నువ్వెప్పుడూ తీసుకోలేదు కదా!" అంటూ పిల్ల కుర్చీ దిగి వచ్చి, నానమ్మ మెడ చుట్టూ చెయ్యి వేసి, చెవిలో నోరు పెట్టింది. కండక్టరమ్మ మర్యాదగా కిటికీలోంచి బయటికి చూసింది.

"నానమ్మా, ఒక రహస్యం. పచ్చ దారికి ఒక బెజ్జం తక్కువ. నేను రెండో క్లాసులోనే లెక్కపెట్టేశా. అందుకే కదా నువ్వు ఎప్పుడూ నాకే ఇచ్చేదానివి? అమ్మమ్మకి కాలు నొప్పి, ఆట కూడా రాదు, అందుకని తనకిచ్చా. ఇప్పుడు అమ్మమ్మకి ఆటొచ్చేసింది. నువ్వేమో మూడు రోజులుగా నవ్వడం లేదు. అందుకని ఇవాళ నీకు. ఎవరికీ చెప్పకు."

పిల్ల వెళ్ళి తన కుర్చీలో కూర్చుంది. బెజ్జాలమ్మకి చెవి దగ్గర ఆ ఊపిరి వెచ్చదనం ఇంకా ఉంది. పిల్లకి అంతా తెలుసు. నానమ్మ ఇచ్చిందని తెలుసు, ఎందుకిచ్చిందో తెలుసు, అందుకే అలాగే ఇవ్వడం నేర్చుకుంది. తను నేర్పిన ఆటలో పిల్ల అసలు నేర్చుకున్నది అది. దానికే తను మధ్యాహ్నం మొన ఆనించింది.

కళ్ళజోడు పెట్టె తీసి, ఏమీ ఎరగనట్టు, ఆకు బొమ్మ మీద పెట్టింది.

ఇక ఆట. జీవితంలో మొదటిసారి ఆవిడ ఆరు పడకూడదని కోరుకుంది. మొదటి పందానికే ఆరు పడింది. రెండో పందానికీ ఆరే. మిగతా ఇద్దరి కాయలూ కొట్లో ఉండగానే పచ్చ కాయ ఒక వైపు దాటేసింది. పిల్ల చప్పట్లు కొట్టింది. ఎవరైనా కొట్టేస్తే బాగుండునని, కాయని తీసుకెళ్ళి ఎర్ర కాయకి రెండు బెజ్జాల ముందు నిలబెట్టింది. ఇవాళ ఎరుపు కండక్టరమ్మది. ఆవిడకి సరిగ్గా రెండే పడింది.

"కొట్టండి వదినగారూ, మొహమాటపడకండి."

"పోనిద్దురూ! పెద్దవాళ్ళకి సీటివ్వాలని బస్సులో రాసుంటుంది" అని కండక్టరమ్మ ఇంకో కాయ జరిపింది.

ఆ దయకి బెజ్జాలమ్మ పళ్ళు కొరికింది. తన కాయని కొట్టకుండా వదిలెయ్యడంలో కూడా ఈవిడే మంచిదవ్వాలా? పైగా తనకంటే రెండేళ్ళు పెద్దది ఈవిడ!

పచ్చ కాయ చుట్టూ తిరిగి దారిలోకి మళ్ళింది. మూడో బెజ్జంలో నిలబడింది. పిల్ల కుర్చీలో మోకాళ్ళ మీద లేచి కూర్చుంది. "నానమ్మా, మూడు! మూడు వెయ్యి!"

పాత లెక్కకి మూడు. కొత్త లెక్కకి నాలుగు. నాలుగు పడినా, అయిదు పడినా, ఏది పడినా సరే, మూడు ఒక్కటి పడకపోతే చాలనుకుని పాచిక వదిలింది. అది బల్ల అంచు దాకా దొర్లి, కాసేపు తటపటాయించి, మూడు చూపించింది.

"పండింది!" పిల్ల ఆగలేదు. పచ్చ కాయని తనే పీకి, "నాలుగో బెజ్జం, అయిదో బెజ్జం, ఇంక ఇల్లే!" అంటూ రెండో చేత్తో కళ్ళజోడు పెట్టె పక్కకి జరిపింది.

ఆకు నడుమ బెజ్జం.

పిల్ల చెయ్యి గాల్లో ఆగింది. "ఆకుకి చిల్లు పడింది."

"అయ్యో, చెక్కకి పురుగు పట్టిందేమిటే?" అంది కండక్టరమ్మ, మెడ సాచి.

పిల్ల చిటికెన వేలు ఆ బెజ్జంలో పెట్టి మెల్లగా తిప్పింది. అలా తిప్పడం నేర్పింది కూడా నానమ్మే. "పురుగు కాదమ్మమ్మా. పురుగు కొడితే ఇంత నున్నగా ఎందుకుంటుంది? ఇంత నున్నగా మా నానమ్మకి ఒక్కదానికే వస్తుంది."

గొప్పగా అంది ఆ మాట. అన్నాక, తనన్నది తనకే వినపడ్డట్టు, మెల్లగా నానమ్మ వైపు చూసింది. ముప్పై ఒక్క ఏళ్ళు ఎవరైనా అంటే బాగుండునని ఎదురుచూసిన మాట అది.

"నేనేనే" అంది బెజ్జాలమ్మ.

"ఎప్పుడు?"

"ఇవాళ మధ్యాహ్నం."

"ఎందుకు?"

అబద్ధం నాలుక చివర సిద్ధంగానే ఉంది. తప్పు దిద్దానంటే సరిపోయేది. పిల్ల కళ్ళలోకి చూస్తూ ఆ మాట రాలేదు. "మీ అమ్మమ్మ గెలుస్తోందని. నువ్వు నా పచ్చ తీసుకెళ్ళి ఆవిడకిచ్చావని. ఓర్వలేకపోయాను."

కండక్టరమ్మ ఎర్ర కాయని వేళ్ళతో నలిపింది. తర్వాత అంది, "నేనేం తక్కువదాన్నా వదినగారూ? ఇది ఫోను చేసినప్పుడల్లా 'నానమ్మ పలక చేసింది, నానమ్మతో ఆడాను' అంటూంటే రెండేళ్ళు నేనూ ఉడికిపోయాను. పలక చెయ్యడం చేతకాక ఊరుకున్నానంతే." అని నవ్వేసింది.

ఒప్పుకోవడంలో కూడా ఆవిడే మేలనిపించుకుంది. బెజ్జాలమ్మకి ఆ సిగ్గులో కూడా, ఇలాంటి మాట తనకెందుకు తట్టదా అని ఒక్క చురుకు తగిలింది. మనిషి పుట్టుక అలాంటిది, ఏం చేస్తాం!

పిల్ల మాత్రం నవ్వలేదు. చేతిలోని పచ్చ కాయని ఆకు నడుమ బెజ్జంలో జాగ్రత్తగా గుచ్చింది. "మూడు పడితే ఇక్కడికి. ఇంకా ఒకటి కావాలి నానమ్మా" అంది. ఆట నియమం అదే మరి. ఆ సాయంత్రం ఆవిడకి తొమ్మిది పందాలు వచ్చాయి. ఒకటి మాత్రం పడలేదు. కాయ అక్కడే నిలబడి ఉండగా కండక్టరమ్మ ఎర్ర కాయలు నాలుగూ పండించుకుంది. ఈసారి ఎవరూ ఈల ఊదలేదు.

మర్నాడు బెజ్జాలమ్మ ఆ బెజ్జంలో బిగించడానికి ఒక పుల్ల చెక్కింది. జిగురు కూడా తీసింది. మళ్ళీ పక్కన పెట్టేసింది. పూడ్చినా మచ్చ పోదని ఇతరులకి చెప్పిన మనిషి కదా. సాయంత్రం అయిదింటికి తనే పలక పరిచి, మూడు కుర్చీలూ తనే వేసి, పచ్చ కాయలు నాలుగూ పిల్ల ముందు పెట్టింది.

"ఇదిగోనే అమ్మలూ, నీ రంగు."

పిల్ల కాయల వంక చూసింది, ఆకు వంక చూసింది. కోపమేమీ లేదు. నానమ్మ పక్కకే కుర్చీ జరుపుకుని కూర్చుంది.

"ఏదైనా పర్లేదు నానమ్మా" అంది. "ఇప్పుడు అన్ని రంగులూ ఒకటే కదా."